తొలిరూపము: ఒక బ్రిటిషు మోటారు సైకిలు కథ

చరిత్రకు ఆధారములేవి అని అడిగితే శాసనములు, నాణెములు, తాళపత్రములు, శిథిలములు అని చెప్పుట మనకు అలవాటు. ఇనుమును, రబ్బరును ఆ వరుసలో చేర్చుటకు మనస్సు వెంటనే ఒప్పుకొనదు. అయినను గడచిన శతాబ్దమున మనుష్యుల బ్రతుకు తీరును మార్చినవి ముఖ్యముగా యంత్రములే. యంత్రము వయస్సు మీరి మూలపడితే తుక్కు అవుతుంది. తుక్కు కొలిమికి పోతుంది. దానితోపాటు అది చెప్పవలసిన సాక్ష్యము కూడ కరగిపోతుంది. ఈ నష్టమును ఆపవలెనని ఇంగ్లండులో కొందరు ఎనిమిది దశాబ్దములుగా ఒక వింతయైన పరిశ్రమ చేస్తున్నారు. పాత మోటారు సైకిళ్లను వెదకి తెచ్చి, అవి కర్మాగారపు గడప దాటిన నాడు ఎట్లున్నవో మరల అట్లే నిలబెట్టుట వారి పని. ఆ పనిలోని కష్టమేమి, అందులో చరిత్రకు సంబంధించిన ధర్మసంకటమేమి అన్నది ఈనాటి ప్రసంగ విషయము.

ఈ పని స్వభావము తెలుపుటకు తెలుగువారికి దగ్గరలోనే ఒక పోలిక ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను కూర్చుకొని, ఒకే గ్రంథమునకు అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి మనము ఎరిగినదే. లేఖకుడు పొరపాటున మార్చిన అక్షరము, తెలిసి దిద్దిన పాదము, ఎవరో నడుమ చేర్చిన పద్యము, వీటిని వేరుచేసి కవి వ్రాసినదేదో తేల్చుట పరిష్కర్త విధి. పాత మోటారు సైకిలును తొలిరూపమునకు తెచ్చువాడును ఇట్టి పరిష్కర్తయే. అతని ప్రతి ఇనుముతో చేసినది. అందలి ప్రక్షిప్తములు బోల్టులతో బిగించి ఉన్నవి. అంతే భేదము.

మాట గాలిలో తేలిపోకుండ ఒక నిర్దిష్టమైన యంత్రమును ఎదుట పెట్టుకొందము. అది ట్రయంఫ్ కంపెనీవారి స్పీడ్ ట్విన్. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న కవెంట్రీ నగరములో ట్రయంఫ్ సంస్థను నెలకొల్పినవాడు జర్మనీలోని న్యూరెంబర్గు నుండి వచ్చి స్థిరపడిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్. మొదట సైకిళ్లు చేసిన ఆ సంస్థ 1902లో బెల్జియము దేశపు మినర్వా ఇంజను అమర్చి తన తొలి మోటారు సైకిలును తయారు చేసినది. 1936లో ఆ వ్యాపారములోని మోటారు సైకిళ్ల శాఖను జాక్ సాంగ్‌స్టర్ కొని, ఎడ్వర్డ్ టర్నరును దానికి అధిపతిగా నియమించినాడు. టర్నరు అంతకుముందే ఏరియల్ కంపెనీకి నాలుగు సిలిండర్ల ఇంజనును రూపొందించి పేరు పొందినవాడు.

ఆనాటి బ్రిటిషు మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగము ఒకే సిలిండరు కలవి. ఆ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు గాని ఒక పేలుడు జరుగదు. అందువలన దాని నడక దఢాలు దఢాలుమని కుదుపుతో కూడినది. టర్నరు రెండు చిన్న సిలిండర్లను పక్కపక్కన నిలిపి, రెండు పిస్టనులు కలిసియే లేచి కలిసియే దిగునట్లు చేసి, పేలుడు మాత్రము ఒకదాని తరువాత ఒకదానిలో జరిగే ఏర్పాటు చేసినాడు. దీనితో ప్రతి చుట్టుకును ఒక పేలుడు వచ్చినది. నడక మృదువైనది. ఇట్టి జంట ఇంజను లోకమునకు కొత్త కాదు. అదే కంపెనీలో 1933లో వాలెంటైన్ పేజి రూపొందించిన జంట ఇంజను బండి ఉన్నది. కాని అది పెద్దది, బరువైనది, కొనువారు తక్కువ. టర్నరు ఇంజను చూపునకు ఒంటి సిలిండరు ఇంజనంత పొందికగానే ఉన్నది. 498 ఘన సెంటీమీటర్ల పరిమాణము, 63 మిల్లీమీటర్ల వ్యాసము, 80 మిల్లీమీటర్ల పిస్టను నడక, గంటకు సుమారు 90 మైళ్ల వేగము, 75 పౌనుల వెల. 1937లో ప్రకటితమై 1938 సంవత్సరపు నమూనాగా వెలువడిన ఈ బండి బ్రిటిషు మోటారు సైకిలు రూపమునే మార్చివేసినది. యుద్ధము ముగిసిన తరువాత 1946 నుండి 1949 లోపల బి.ఎస్.ఏ., నార్టన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదలైన కంపెనీలన్నియు ఇదే పద్ధతిలో జంట ఇంజనులు చేసినవి.

కాని ఆ కవెంట్రీ కర్మాగారము నిలువలేదు. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానముల బాంబుదాడిలో నగరముతోపాటు అదియును నేలమట్టమైనది. యంత్రములు, నకాసులు, కాగితములు దగ్ధమైనవి. కంపెనీ కొంతకాలము వారిక్‌లో తలదాచుకొని, 1942లో మెరిడెన్ అను గ్రామము వద్ద కొత్త కర్మాగారములో పని సాగించినది. 1983లో అదియును మూతపడినది. కనుక 1938 నాటి స్పీడ్ ట్విన్ ఒకటి నేడు ఎవరికైన దొరికితే, దానిని పుట్టించిన ఇల్లు లేదు, చేసిన చేతులు లేవు, గీసిన కాగితములు చాలవరకు లేవు. బండి తన్ను గురించి తానే సాక్ష్యము చెప్పుకొనవలెను.

యుద్ధకాలములో ఎన్నో పాత బండ్లు తుక్కుగా పోయినవి. మిగిలినవానికి దిక్కు కావలెనని 1946లో ఇంగ్లండులో వింటేజి మోటారు సైకిలు క్లబ్బు స్థాపితమైనది. 1930 వరకు తయారైనవానినే వింటేజి అను పేరుతో పిలువవలెనని ఒక కట్టుబాటు ఉన్నది. అందులో 1915కు ముందువి వెటరన్ తరగతి. 1931 తరువాతివానికి వేరు తరగతి. ఈ లెక్కన మన స్పీడ్ ట్విన్ వింటేజి అనంతర కాలమునకు చెందినది. వాడుకలో అయితే పాతబండ్లన్నిటికిని ఈ మాట చెల్లుతున్నది. ఈ క్లబ్బు చేసిన గొప్ప మేలు బండ్లను కూడబెట్టుట కన్న కాగితములను కూడబెట్టుట. మూతపడిన కంపెనీల పంపకపు ఖాతాలు, విడిభాగముల పట్టికలు, ప్రకటన పుస్తకములు సేకరించి, తన గ్రంథాలయములో భద్రపరచి, అడిగినవారికి అందులోని వివరములను తెలుపుతున్నది.

ఇక తొలిరూపమనగా ఏమి? దానికి సాక్షులు ముగ్గురు. మొదటి సాక్షి కాగితము, రెండవ సాక్షి అంకె, మూడవ సాక్షి లోహము. ముగ్గురును ఒకే మాట చెప్పిన సందర్భములు అరుదు.

కాగితమును చూతము. ఖాతాలో ఫలానా సంఖ్యగల బండి ఫలానా తేదీన ఫలానా వర్తకునికి పంపబడినది, దానికి ఫలానా ప్రత్యేక పరికరము అమర్చబడినది అని ఉంటుంది. ఇది బలమైన సాక్ష్యము. కాని అమ్మకపు ప్రకటన పుస్తకమును అట్లు నమ్మరాదు. అది కొత్త సంవత్సరపు బండ్లు పూర్తిగా తయారు కాకముందే అచ్చువేసినది. అందలి ఛాయాచిత్రములను చిత్రకారుడు కుంచెతో సవరించినాడు. పైగా ఇంగ్లండులో మోటారు సైకిళ్ల సంవత్సరము జనవరిలో కాక శరత్కాలములోనే మొదలయ్యేది. 1938 నమూనా అని పిలువబడే బండి 1937లోనే తయారై ఉండవచ్చును. నిల్వలో పాత భాగములు మిగిలి ఉంటే మేస్త్రీ వాటినే బిగించి పంపినాడు. కాబట్టి పుస్తకము చెప్పినదొకటి, బండి మోసినదొకటి అయిన చోట్లు లేకపోలేదు.

రెండవ సాక్షి అంకె. ఇంజను మీదను, చట్రము మీదను కర్మాగారములో సుత్తితో పొడిచిన సంఖ్యలుంటవి. 1938 నాటి స్పీడ్ ట్విన్ ఇంజను సంఖ్య 8-5టి అను గుర్తుతో మొదలవుతుంది. ముందున్న 8 సంవత్సరము, 5టి ఈ నమూనా పేరు. 1939 నాటి దానికి 9 అంకె ముందుంటుంది. ఈ గుర్తులను చదువనేర్చినవానికి బండి పుట్టుక చాలవరకు తేలుతుంది. అయితే అంకెలే విలువను నిర్ణయించుట మొదలయ్యేసరికి వాటిని దొంగిలించువారును పుట్టుకొని వచ్చినారు. పాత అంకెలను ఆకురాయితో చెరిపి, వాటి చోట కొత్తవి పొడిచి, సాధారణమైన బండిని అరుదైన బండిగా అమ్మిన ఉదంతములు ఆ దేశములో ఎన్నో ఉన్నవి. ఇది మన తామ్రశాసనములలోని కూటశాసనముల వంటిదే. లిపిని చూచి కాలము పట్టుకొన్నట్లే, అంకె ఆకారమును, లోతును, వరుసను చూచి నిపుణులు మోసమును పట్టుకొంటారు.

మూడవ సాక్షియైన లోహము అన్నిటికన్న తక్కువగా అబద్ధమాడుతుంది. దానికొక ఉదాహరణము. 1938 నాటి స్పీడ్ ట్విన్‌లో సిలిండరు దిమ్మ క్రాంకు పెట్టెకు ఆరు స్టడ్డులతో బిగింపబడి ఉంటుంది. ఇంజను బలమునకు ఆ ఆరును చాలవని అనుభవములో తేలి, 1939 నమూనాకు ఎనిమిది స్టడ్డులు పెట్టినారు. మార్పు చిన్నదే. కాని ఒకడు 1938 నాటిదని చెప్పి బండిని ముందుకు తెస్తే, సిలిండరు అడుగున ఎనిమిది స్టడ్డులు కనబడినచో, ఆ ఇంజను గాని దానిలో కొంత భాగము గాని తరువాతిదని వెంటనే తెలుస్తుంది. రెండు స్టడ్డులు ఒక సంవత్సరపు చరిత్రను చెప్పినవి.

ఇప్పుడు పరిష్కర్త ఎదుట ప్రశ్న నిలుచుచున్నది. ఎనిమిది స్టడ్డుల ఇంజను మేలైనది, నమ్మదగినది. దానిని తీసి, లోపము కలదని కర్మాగారమువారే ఒప్పుకొన్న ఆరు స్టడ్డుల ఇంజనును వెదకి తెచ్చి పెట్టుట వివేకమా? నడుపుటకే బండి కావలెనన్నచో వివేకము కాదు. చరిత్రకు బండి కావలెనన్నచో అదే ధర్మము. ఏలయన 1938లో టర్నరుకు ఏమి తెలిసినది, ఏమి తెలియలేదు అన్నది ఆ ఆరు స్టడ్డులలో ఉన్నది. కవి వ్యాకరణదోషము చేసినచోట దిద్ది అచ్చువేయు పరిష్కర్త పాఠకునికి మేలు చేసినట్లు కనబడును గాని, కవిని దాచివేసినవాడగుచున్నాడు.

రంగు విషయమునకు వత్తము. స్పీడ్ ట్విన్‌కు పెట్టిన ఎరుపురంగు పేరు అమరంత్. అమరంత్ అనగా మన తోటకూర జాతి మొక్కయే. ఎర్రతోటకూర కంకిలో కనబడే ముదురు ఛాయ అది. గ్రీకు భాషలో ఆ మాటకు వాడనిది అని అర్థము. పేరు అట్లున్నను రంగు వాడకుండ లేదు. ఎండకు వెలిసినది, పెట్రోలు పడి నల్లబడినది, పైన ఇతర రంగులు పూయగా మరుగుపడినది. అసలు ఛాయ ఏది అని పాతబండ్లవారు నేటికిని తర్కించుకొంటూనే ఉన్నారు. అందుకే అనుభవజ్ఞులు బండిని గీకుటకు ముందు, వెలుగు సోకని చోట్లు వెదకుతారు. పెట్రోలు టాంకుకు ఇరువైపుల మోకాళ్లు ఆనుటకు పెట్టిన రబ్బరు తొడుగుల అడుగున, పనిముట్ల పెట్టె వెనుక, పట్టీల క్రింద కర్మాగారపు తొలిపూత చెక్కుచెదరక దాగి ఉంటుంది. అరచేతి వెడల్పైన ఆ ముక్కయే మూలప్రతి. తొందరపడి బండినంతను ఇసుకధారతో శుభ్రముచేసినవాడు మూలప్రతిని మంటలో వేసినవాడే.

పూత పద్ధతి కూడ ముఖ్యమే. ఆ రోజులలో చట్రమునకు ఎనామెల్ పూసి పొయ్యిలో కాల్చేవారు. నేడు పొడిరంగును విద్యుత్తుతో అంటించి కరిగించే పద్ధతి వచ్చినది. అది గట్టిదే. కాని దళసరిగా పరుచుకొని, పొడిచిన అంకెలను, పోతలోని గరుకును, అతుకుల అంచులను మూసివేస్తుంది. టాంకు మీది బంగారు గీతలను ఆనాటి పనివారు చేతితో కుంచెపట్టి గీసినారు. ఆ గీతలో రవంత వణుకు ఉండక తప్పదు. నేడు అంటించే పట్టీగీతలో ఆ వణుకు ఉండదు. అది లేనప్పుడే అనుమానము కలుగుతుంది.

తళుకు విషయములోను ఇంతే. 1920 దశకము చివరివరకు బ్రిటిషు బండ్లకు నికెల్ పూతయే వాడుక. క్రోమియం పూత 1930 ప్రాంతమునుండియే వ్యాపించినది. నికెల్ మెరుపులో కొద్దిపాటి పసిమి ఉంటుంది. క్రోమియం మెరుపు నీలివన్నె గలది. 1925 నాటి బండికి క్రోమియం పూయించి మురిసిపోవుట, నన్నయ పద్యమును నేటి మాటలతో పూరించి మురిసిపోవుట వంటిది. అట్లే 1950 నుండి 1953 వరకు జరిగిన కొరియా యుద్ధకాలములో నికెల్ కొరత ఏర్పడి, కొన్ని బ్రిటిషు కంపెనీలు చక్రముల అంచులకు తళుకు మాని రంగు పూసినవి. ఆ బండ్లకు నేడు చక్రములు ధగధగలాడునట్లు చేయుట అందము కావచ్చును. యుద్ధపు గుర్తు మాత్రము దానితో చెరిగిపోతుంది.

ఇట్టి గుర్తులలో మా మనస్సును ఎక్కువగా ఆకర్షించినది మరియొకటి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధములో బి.ఎస్.ఏ. కంపెనీ ఎం-20 అను మోటారు సైకిళ్లను లక్షకు పైగా సైన్యమునకు చేసి ఇచ్చినది. 1942 ఆరంభములో మలయా, సింగపూరు జపానువారి వశమైనవి. రబ్బరు తోటలు చేజారినవి. ఆ తరువాత తయారైన ఎం-20 బండ్లలో చేతిపిడులకు రబ్బరు బదులు కాన్వాసు గుడ్డ చుట్టినారు. కాళ్లు పెట్టే కమ్ములను రబ్బరు లేకుండ వట్టి ఇనుముతోనే వదలినారు. ఒక మహాయుద్ధములో వేల మైళ్ల దూరమున జరిగిన ఓటమి ఒక సిపాయి అరచేతికి ఇట్లు తగిలినది. నేడు దానిని బాగుచేయువాడు నున్నని కొత్త రబ్బరు పిడులు తొడిగినచో చూచువారు మెచ్చుకొందురు. కాని సింగపూరు పతనము ఆ బండి నుండి మాయమగును.

ఇక పనిలోని కష్టము. బ్రిటిషు బండ్ల బోల్టుల కొలతలు నేటి మెట్రిక్ కొలతలు కావు. విట్‌వర్త్ మరచుట్టు కోణము 55 డిగ్రీలు, సైకిలు మరచుట్టు కోణము 60 డిగ్రీలు. ఈ రెండవ రకమునకు అంగుళమునకు 26 చుట్లుండుట సాధారణము. పైగా పానా మీద వ్రాసిన కొలత నట్టు తలకాయది కాదు, బోల్టు లావుది. ఈ భేదమెరుగక దగ్గరలో దొరికిన నట్టును బలవంతముగా త్రిప్పినవాడు మరను చెరిపివేయును. అటుపైన ఆ రంధ్రమును పూడ్చి తిరిగి తొలువవలసి వచ్చును. ఊరిలో మంచి పనివాడెంత గొప్పవాడైనను సరియైన పానాలు లేకున్న ఈ బండ్ల దగ్గరకు రాకుండుటయే మేలు.

అన్నిటిని తొలిరూపమునకే తేవలెనా అంటే, అక్కడ కొన్ని మినహాయింపులు తప్పవు. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాపాయకరమని తెలిసిన తరువాత తొలిరూపము పేరిట దానిని తిరిగి పెట్టుట మూర్ఖత్వము. టైర్ల రబ్బరు కాలముతో పగుళ్లు బారును. వాటిని నమ్మి రోడ్డెక్కరాదు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలోని తీగచుట్టకు ఆ రోజులలో లక్కతో చేసిన షెల్లాకు పూత రక్షణగా ఉండేది. ఆ లక్క ముఖ్యముగా మన దేశపు అడవులనుండియే ప్రపంచమునకు ఎగుమతి అయ్యేది. వయస్సు మీరిన లక్క వేడికి మెత్తబడి జారగా మాగ్నెటో పనిచేయుట మానును. అప్పుడు తీగను కొత్తగా చుట్టి నేటి రెసిన్ పూయుటకు నిష్ఠగల వారు కూడ అభ్యంతరము చెప్పరు. లోపల దాగి, బండి మాటను మార్చని మార్పును ఒప్పుకొనవచ్చును. కాని ఆ మార్పును వ్రాసి ఉంచవలెను. వ్రాసిన మార్పు మరమ్మతు, వ్రాయనిది కూటము.

ఇంతవరకు చెప్పినదంతయు బండిని తొలిరూపమునకు తేవలెనను పక్షము. దీనికి ఎదురు పక్షము లేకపోలేదు. తొలిరూపము ఒక్కసారే ఉంటుంది, తిరిగి తెచ్చినది తొలిరూపము కాదు, దాని పోలిక మాత్రమే అని వారి వాదము. ఎనుబది ఏండ్ల తుప్పు, వెలిసిన రంగు, యజమాని తొడ రాపిడికి నునుపెక్కిన తోలు, ఇవియు చరిత్రయే గదా అని వారు అడుగుతారు. 2016లో ఈ వాదమునకు ఒక నిదర్శనము దొరికినది. ఇంగ్లండు నైరుతి మూలలోని కార్న్‌వాల్‌లో, బాడ్మిన్ బీడు ప్రాంతమున పశువుల కొట్టములవంటి పాకలలో అనేక సంవత్సరములుగా పడియున్న ఎనిమిది బ్రఫ్ సుపీరియర్ బండ్లు వేలమునకు వచ్చినవి. జార్జి బ్రఫ్ నాటింగ్‌హామ్‌లో చేసిన ఆ బండ్లు ఒకప్పుడు ధనికుల అభిమానపాత్రములు. వేలమునాటికి అవి తుప్పుపట్టి, కొన్ని ముక్కలుగా విడిపోయి ఉన్నవి. అయినను వాటిలో 1938 నాటి నాలుగు సిలిండర్ల బండి ఒక్కటే మూడు లక్షల పౌనులకు మించిన ధర పలికినది. కొన్నవారు తళుకును కాదు, ఎవరును చేయిపెట్టని సాక్ష్యమును కొన్నారు.

మరియొకవైపు, సాక్ష్యమంతయు కాలిపోయిన సందర్భమును ఉన్నది. బర్మింగ్‌హామ్ సమీపమున 1984లో తెరచిన జాతీయ మోటారు సైకిలు ప్రదర్శనశాలలో 2003 సెప్టెంబరు 16న నిప్పంటుకొన్నది. ఆర్పకుండ పారవేసిన సిగరెట్టు ముక్క దానికి కారణమని తేలినది. ఐదు మందిరములలో మూడు కాలిపోయినవి. మూడువందలకు మించిన బండ్లు మంటల పాలైనవి. అల్యూమినియం సుమారు 660 డిగ్రీలకే కరగును. ఇంజను పెట్టెలు నేలమీద ముద్దలై పడినవి. 2004 డిసెంబరులో ప్రదర్శనశాల తిరిగి తెరువబడినది. కాలిన బండ్లలో ఎన్నింటినో తిరిగి నిర్మించినారు. కొత్తగా పోతపోసిన పెట్టె, కొత్త టాంకు, కొత్త పూత గల ఆ బండి పాతదేనా? మన పెద్దలు దేవాలయముల విషయములో జీర్ణోద్ధరణము అను మాట వాడినారు. కూలినదానిని ఎత్తుట పుణ్యమే. కాని ఎత్తినవాడు తన పేరును, సంవత్సరమును గోడమీద శాసనముగా చెక్కించుట మన సంప్రదాయము. ఆ శాసనము ఉన్నంతవరకు ఎవరును మోసపోరు. ఇనుప బండికిని ఆ నియమమే చాలును.

ఈ కథకు మన దేశముతో గల సంబంధము కూడ చెప్పవలసియున్నది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇంగ్లండులో రెడిచ్ అను పట్టణమునది. భారత సైన్యమునకు ఆ కంపెనీ 350 ఘన సెంటీమీటర్ల బులెట్ బండ్లు వచ్చినవి. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థతో కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి మద్రాసులో వాటిని కూర్చుట ఆరంభించినది. క్రమముగా భాగములన్నియు ఇక్కడనే తయారైనవి. 1967లో రెడిచ్ కర్మాగారము, 1970లో ఇంగ్లండులో ఆ కంపెనీ తయారీయే నిలిచిపోయినవి. మద్రాసులో మాత్రము పని నడుస్తూనే ఉన్నది. 1977లో బులెట్ బండ్లు మద్రాసునుండి ఇంగ్లండుకే ఎగుమతి అయినవి. పుట్టినింట అంతరించిన నమూనా మెట్టినింట బ్రతికినది. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు వేయుట మన ఊళ్లలో పాత బులెట్ నడిపిన పెద్దలకు ఇంకను మరపురాని అలవాటు. అది 1950 దశకపు ఇంగ్లండు అలవాటే. కాని ఇక్కడను పరిష్కర్త మెలకువ వదలరాదు. మద్రాసు బండియు ఏడాదికేడాది కొద్దికొద్దిగా మారినదే. దాని భాగము రెడిచ్ బండిలో చక్కగా ఇమిడినంతమాత్రమున అది రెడిచ్ భాగము కాజాలదు.

తొలిరూపము అన్నది నేడు అభిమానుల ముచ్చటగానే మిగిలిలేదు, చట్టములోనికి కూడ వచ్చినది. బ్రిటనులో పుట్టుక తేలని వాహనమునకు క్యూ అను అక్షరముతో మొదలయ్యే నమోదుసంఖ్య ఇస్తారు. దానిని చూచినవారందరికి సంగతి తెలియును. మన దేశములో 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాతవాహనములకు ప్రత్యేక నమోదు నిబంధనలు చేసినది. మొదటి నమోదునుండి ఏబది సంవత్సరములు దాటి, తొలిరూపములోనే ఉండి, చట్రమునందు గాని ఇంజనునందు గాని గణనీయమైన మార్పు లేని రెండు చక్రముల, నాలుగు చక్రముల బండ్లు వింటేజి తరగతికి అర్హములు. వాటి సంఖ్యాఫలకము మీద వి.ఏ. అను అక్షరములుంటవి. నిన్నటివరకు తుక్కుగా చూచిన వస్తువును ఇట్లు ప్రభుత్వమే సాక్ష్యముగా గుర్తించినది.

కావున మా మనవి ఒక్కటి. మీ ఇంటి పెరటిపాకలోనో, బంధువుల ఇంటి అరుగుమీదనో తాతగారి కాలపు మోటారు సైకిలు ఒకటి గోనెపట్టా క్రింద పడి ఉండవచ్చును. దానిమీద ప్రేమ పుట్టిన వెంటనే రంగుల దుకాణమునకు పరుగెత్తవద్దు. ముందుగా నలువైపుల ఛాయాచిత్రములు తీయుడు. ఇంజను సంఖ్యను, చట్రపు సంఖ్యను మెత్తని గుడ్డతో తుడిచి, కాగితము మీద వ్రాసి ఉంచుడు. ఇనుపపెట్టె అడుగున పాత నమోదు పుస్తకము, కొనుగోలు రసీదు దొరుకునేమో వెదకుడు. రబ్బరు తొడుగుల అడుగున రంగు ఏమున్నదో చూడుడు. విప్పిన ప్రతి భాగమునకు చీటి కట్టుడు. పనికిరాదని తీసివేసినదానిని కూడ పారవేయక డబ్బాలో దాచుడు. ఏమి మార్చినారో ఒక నోటుపుస్తకములో తేదీతో వ్రాయుడు. అటుపిమ్మట మెరుగుపెట్టవలెనా, ఉన్నది ఉన్నట్లు ఉంచవలెనా అన్నది మీ ఇష్టము. ఏది చేసినను, రేపు ఆ బండిని చూచువానికి నిజము తెలుసుకొనే దారి మిగిలి ఉంటుంది.